పొట్టి గొట్టపు వేట రైఫిల్: అనంతపురం మెట్టలో తుపాకి, తూటా ఎంపిక

పెద్ద జంతువుల వేటకు వాడే రైఫిళ్లలో సుమారు 16 అంగుళాలు, అంతకంటే తక్కువ గొట్టం ఉండి, మూతికి శబ్దం తగ్గించే సాధనం బిగించుకునే రకాన్ని పొట్టి గొట్టపు సైలెన్సర్ రైఫిల్ అంటారు. అమెరికా, న్యూజిలాండ్, నార్వే వంటి దేశాల్లో గత రెండు దశాబ్దాల్లో దీనికి ఆదరణ బాగా పెరిగింది. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మెట్ట పీఠభూమిలో మాత్రం మామూలు పౌరుడికి ఈ ఆయుధం చట్టబద్ధంగా దక్కే దారి దాదాపు లేదు. అయినా అడవి పందులు శనక్కాయ చేను తవ్విపోసిన ప్రతి ఏడూ ఇక్కడ తుపాకి మాట వస్తుంది. ఏ తుపాకి, ఎవరి చేతిలో, ఏ తూటాతో అన్న ప్రశ్నలు దాని వెంటే వస్తాయి. వేట పుస్తకాలు జంతువుతో మొదలుపెట్టి తూటాకు, అక్కడి నుంచి తుపాకికి వస్తాయి. ఈ నేల మీద ఆ వరుస పనికిరాదు. ఇక్కడ ముందు చట్టం, తర్వాత నేల, ఆ తర్వాతే జంతువు. గొట్టం పొడవు, తూటా బలం లెక్కలన్నీ వాటి వెనకే.

ఈ వ్యాసంలో తూటా అంటే ఇత్తడి గుల్ల, అందులోని మందు, అడుగున రంజకపు బిళ్ల, కొనన గుండు కలిసిన మొత్తం సరుకు. గాలిలో ఎగిరి జంతువును తాకేది గుండు మాత్రమే.

నేల, జంతువులు

అనంతపురం సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తర్వాత అత్యల్ప వర్షం పడే జిల్లాగా దీనికి పేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా విడిపోయి పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. కళ్యాణదుర్గం, రాయదుర్గం, పెనుకొండ, మడకశిర వైపు ఎర్రనేలల మధ్య గుండ్రాళ్ల గుట్టలు లేస్తాయి. గుట్టల పాదాన తుమ్మ, రేగు, బలుసు పొదలు, పొదల అంచునే చేలు. అడవికీ పొలానికీ మధ్య గట్టు తప్ప మరేమీ ఉండదు.

ఈ గుట్టల్లో ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి. మైదానంలో కృష్ణజింకలు, తోడేళ్లు ఉన్నాయి. పంటకు ఎక్కువ నష్టం చేసేది అడవి పంది. కాయ పట్టే వేళకు గుంపుగా దిగి, ఒక్క రాత్రిలో చాళ్లకు చాళ్లు ముట్టెతో తిరగేస్తుంది. బాగా ఎదిగిన మగపంది నూరు కిలోలు దాటుతుంది. దాని భుజాల మీద చర్మం కింద గట్టి కణజాలం కవచంలా పేరుకుని ఉంటుంది. మగపందులు ఒకదానితో ఒకటి కోరలతో పోట్లాడుకునేటప్పుడు కాపాడేందుకు ఏర్పడిన డాలు అది. బలం తక్కువ గుండు, సన్న రవ్వలు అక్కడే ఆగిపోతాయి. గుండెకాయ ముందుకాళ్ల వరుసలోనే కాస్త కిందుగా, జింకలో కంటే ముందుకు జరిగి ఉంటుంది. జింక వేటకు అలవాటుపడ్డవాడు పందిని కడుపులో కొట్టి వదిలేయడానికి ఇదే కారణం.

వేట చరిత్రలో తూటాలు

లేపాక్షి వీరభద్రాలయంలో 16వ శతాబ్దపు పైకప్పు చిత్రాల్లో కిరాతార్జున కథ ఉంది. ఒకే పందిని శివుడి బాణం, అర్జునుడి బాణం తాకుతాయి. చంపింది ఎవరి బాణమన్నదే తగవు. పొలాల్లో వేట తగాదాలు ఇప్పటికీ చాలావరకు అదే రకం. విజయనగర కాలం నుంచి ఈ ప్రాంతపు పాలెగాళ్ల కొలువుల్లో బోయలు వేటగాళ్లుగా, సైనికులుగా పేరుపడ్డారు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. అనంతపురం కేంద్రంగా పనిచేసిన కలెక్టరు థామస్ మన్రో పాలెగాళ్ల సాయుధ బలాన్ని అణచివేశాడు. 1878 ఆయుధాల చట్టం వచ్చాక తుపాకి పూర్తిగా లైసెన్సు సరుకైంది. ఊళ్లో మిగిలింది మూతి నుంచి మందు కూరే ఒంటి గొట్టం నాటు తుపాకి.

తూటా పరిమాణాన్ని చట్టం ఎంత సూటిగా నిర్ణయించిందో చెప్పడానికి 1907ను మించిన ఉదాహరణ లేదు. మార్టిని-హెన్రీ సైనిక రైఫిళ్ల గుండ్లు .450 పరిమాణంలో ఉండేవి. ఆ సరుకు తిరుగుబాటుదార్ల చేతికి పోతుందన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాకు, సూడాన్‌కు .450 వేట తూటాల దిగుమతిని ఆపేసింది. అప్పటిదాకా పులి, ఏనుగు వేటల్లో ఏలిన తూటా అది. లండన్ తుపాకి కంపెనీలు గుండును కాస్త పెంచి .470, .475, .465 తూటాలు తెచ్చాయి. ఆఫ్రికా వేటలో ఇవాళ్టికీ గొప్పగా చెప్పుకునే .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ పుట్టుకకు మూలం భారతదేశపు దిగుమతి నిషేధమే.

చిన్న తూటాల్లోనూ అదే కథ నడిచింది. సైన్యం వాడే .303 పౌరుడికి దక్కదు. కాబట్టి లీ రైఫిల్ యంత్రాన్నే ఉంచి, 19వ శతాబ్దం చివరి ఆస్ట్రియా సైనిక తూటాను .315 పేరుతో అందులో అమర్చారు. బర్మింగ్‌హామ్ బీఎస్ఏ వీటిని ఇండియాకు అమ్మింది. స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు అదే తూటాతో రైఫిల్ చేస్తూ వచ్చాయి. ఆస్ట్రియా ఆ తూటాను ఎప్పుడో వదిలేసింది. మన దేశంలో అది ఇంకా దుకాణంలో దొరుకుతుంది.

సికింద్రాబాద్ బొల్లారంలో 1910లో పుట్టి బెంగళూరులో స్థిరపడ్డ కెన్నెత్ ఆండర్సన్ శేషాచలం కొండల చామల లోయలో, మామండూరులో మనిషిని తినే పులుల వెంట తిరిగాడు. ఆయన చేతిలో ఉన్నది .405 విన్‌చెస్టర్ తూటా పేల్చే 1895 మోడల్ లీవర్ రైఫిల్. 300 గ్రెయిన్ల బరువున్న దాని గుండుది సెకనుకు దాదాపు 670 మీటర్ల వేగం. దూరం కొట్టడానికి పనికిరాదు. మంచె మీద నుంచి, పొద మలుపులో, ముప్ఫై నలభై గజాల్లో కొట్టడానికి సరిగ్గా సరిపోతుంది. దగ్గరి కాల్పుకు బరువైన, మందకొడి గుండు చాలన్న ఆ లెక్కనే ఇప్పటి పొట్టి రైఫిల్ తయారీదారులు కొత్త పేర్లతో తిరిగి అమ్ముతున్నారు.

చట్టం

1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. పొట్టి గొట్టం, సైలెన్సర్ రెండూ ఈ చట్టంలోనే ఇరుక్కుంటాయి. నిర్వచనాల సెక్షన్‌లో, శబ్దాన్నీ మెరుపునూ తగ్గించేందుకు చేసిన ఉపకరణాలను కూడా తుపాకి అన్న మాట కిందికే తెచ్చారు. అంటే రైఫిల్ లేకుండా ఒక్క సైలెన్సర్ గొట్టాన్ని సంచిలో పెట్టుకున్నా అది చట్టం దృష్టిలో లైసెన్సు లేని తుపాకే. ఆన్‌లైన్‌లో సాల్వెంట్ ట్రాప్ అని, ఎయిర్‌గన్ సామాను అని పేర్లు మార్చి అమ్మేవాటిని తెప్పించుకునే కుర్రాళ్లకు ఇది తెలిసినట్లు లేదు.

ఆరో సెక్షన్ గొట్టం కోయడం గురించినది. లైసెన్సు లేకుండా తుపాకి గొట్టాన్ని పొట్టిగా చేయకూడదు. దేశవాళీ తుపాకిని కోసి పంచె మాటున దాచుకునే అలవాటు ఉన్న చోట ఈ సెక్షన్ ఎందుకు పెట్టారో చెప్పనక్కర్లేదు. పదమూడో సెక్షన్ రైతుకు సంబంధించినది. పంట కాపలా కోసం నిజంగా అవసరమైతే మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వాలంటుంది. అది చాలదని అధికారి భావిస్తే నున్నటి గొట్టం తుపాకి ఇవ్వవచ్చు, దాని గొట్టం 20 అంగుళాలకు తగ్గకూడదు. కాబట్టి అనంతపురం రైతుకు చట్టం చూపే తుపాకికీ, ఈ వ్యాసం మొదట చెప్పిన తుపాకికీ అన్ని విధాలా ఎదురు. ఇది పొడవు, అది పొట్టి. ఇందులో గొట్టం లోపల మెలిక తిరిగే మరచాళ్లు లేవు, అందులో ఉంటాయి. ఇది ఊరంతా వినపడుతుంది, అది అంతదూరం వినపడదు.

2019 సవరణ ఒక్కొక్కరి దగ్గర ఉండదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించి, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. 1980ల నడుమ నుంచి సామాన్య లైసెన్సుదారుకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు మూసుకుపోయింది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులను చాలావరకు స్టేషన్లో అప్పగించాల్సి వస్తుంది. రాయలసీమలో తుపాకి అనగానే పోలీసుకు గుర్తొచ్చేది పంది కాదు, ఫ్యాక్షన్. ఇక్కడ లైసెన్సు ఫైలు కదలడం కష్టం కావడానికి ఆ చరిత్ర పెద్ద కారణం. పక్క రాష్ట్రంలోని కొడగులో మాత్రం కొడవలకు, జమ్మా భూముల హక్కుదార్లకు బ్రిటిష్ కాలం నుంచి లైసెన్సు మినహాయింపు ఉంది. కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది.

తుపాకి ఉన్నంత మాత్రాన పేల్చే హక్కు రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధిస్తుంది. 1991 సవరణతో వినోద వేట లైసెన్సులు పోయాయి. మిగిలిన దారి ప్రధానంగా పదకొండో సెక్షన్. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. మనిషి ప్రాణానికి లేదా నిలబడి ఉన్న పంటకు ముప్పు అయినప్పుడు ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గాని రాతపూర్వకంగా అనుమతిస్తే దాన్ని కాల్చవచ్చు. కృష్ణజింక మొదటి షెడ్యూలు జంతువు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా. అది చేను మేసిందన్న కారణం అనుమతికి చాలదు. చిరుతకు, ఎలుగుకు కూడా అంతే. వాటి విషయంలో పని మత్తు సూదిది, బోనుది.

తుపాకి ఎంపికకు దీనివల్ల వచ్చే తేడా చాలా పెద్దది. మైదానంలో మూడు వందల మీటర్ల అవతల నిలబడే జంతువు కృష్ణజింక. పొడవు గొట్టం, వేగం గుండు, దూరపు గురి అవసరమయ్యేది దానికే. దాన్ని ముట్టకూడదు. అనుమతి దొరికే ఒకే ఒక పెద్ద జంతువు పంది రాత్రిపూట, చేని అంచున, నలభై నుంచి ఎనభై మీటర్లలో ఎదురవుతుంది. ఆ దూరానికి పొట్టి గొట్టం చాలు. అంటే పొట్టి రైఫిల్‌కు ఇంతకంటే తగిన పని దొరకడం కష్టం, కానీ ఆ రైఫిల్‌నే చట్టం ఇవ్వదు.

గొట్టం పొడవు

మందు మండి వాయువుగా మారి గుండును తోస్తుంది. గొట్టం ఎంత పొడవుంటే అంతసేపు తోస్తుంది. ఒక హద్దు దాటాక ఆ లాభం తగ్గిపోతుంది. .308 విన్‌చెస్టర్ తూటాలో 150 గ్రెయిన్ల గుండు 24 అంగుళాల గొట్టం నుంచి సెకనుకు సుమారు 860 మీటర్ల వేగంతో వస్తుంది. అంగుళం తగ్గినప్పుడల్లా ఆరేడు మీటర్ల వేగం పోతుందనుకోవచ్చు. 16 అంగుళాలకు వచ్చేసరికి 800 మీటర్ల దగ్గర ఉంటుంది. మూతి దగ్గర శక్తి 3,600 జౌళ్ల నుంచి 3,100 చిల్లరకు పడుతుంది. పందికి ఇది చాలా ఎక్కువ. సాధారణ మెత్తముక్కు గుండు శరీరంలో విచ్చుకోవడానికి సెకనుకు సుమారు 550 మీటర్ల వేగం కావాలి. ఈ పొట్టి గొట్టం నుంచి కూడా అది 250 మీటర్లు దాటేదాకా ఆ వేగం నిలుపుకుంటుంది.

.30-06లో మందు ఎక్కువ, కాబట్టి పొట్టి గొట్టంలో వృథా కూడా ఎక్కువే. గొట్టం దాటాక మండే మందు మూతి దగ్గర పెద్ద మంటగా, చెవులు చిల్లులుపడే పేలుడుగా మారుతుంది. రాత్రివేళ ఆ మెరుపుకు కాల్చినవాడి కళ్లే ముందు మూసుకుపోతాయి. పెద్ద మందు తూటాలను పొట్టి గొట్టంలో పెట్టుకోవడం తెలివైన పని కాదు. చిన్న గుల్ల, త్వరగా మండే మందు ఉన్నవే దానికి సరిపోతాయి.

మరచాళ్ల మెలిక కూడా చూసుకోవాలి. బరువైన, పొడుగాటి గుండును నెమ్మదిగా పంపాలంటే చాళ్లు తొందరగా మెలిక తిరగాలి. .308లో పది, పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు మామూలు. .300 బ్లాక్‌అవుట్‌లో ఏడెనిమిది అంగుళాలకే ఒక చుట్టు ఉంటుంది. మెలిక చాలకపోతే గుండు గాలిలో తడబడుతుంది. సైలెన్సర్ ఉన్నప్పుడు ఆ తడబడే గుండు దాని లోపలి పలకలకు తగిలి సైలెన్సర్‌నే చీల్చగలదు.

సైలెన్సర్

మెషిన్‌గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్ కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో తుపాకి సైలెన్సర్‌కు అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. బుల్లెట్ బండి సైలెన్సరు చేసే పనే ఇదీ చేస్తుంది. వేడి వాయువును గదుల్లోకి మళ్లించి, విస్తరింపజేసి, చల్లార్చి నెమ్మదిగా బయటికి వదులుతుంది. సినిమాల్లో వినపడే పిచికారీ చప్పుడు కల్పన. రైఫిల్ పేలుడు 160 నుంచి 170 డెసిబెళ్లు ఉంటుంది. మంచి సైలెన్సర్ దాన్ని పాతిక, ముప్ఫై డెసిబెళ్లు దించుతుంది. చెవికి ఒక్క దెబ్బతో హాని చేసే హద్దుగా 140 డెసిబెళ్లను లెక్కిస్తారు. సైలెన్సర్ నిజమైన లాభం ఆ హద్దు దగ్గరికో కిందికో దించడమే. భుజానికి తగిలే తన్ను తగ్గుతుంది, మెరుపు తగ్గుతుంది, రెండో గుండుకు గురి చెదరదు.

పొట్టి గొట్టానికీ దీనికీ జత కుదిరింది పొడవు వల్లనే. 24 అంగుళాల గొట్టానికి మరో ఏడంగుళాల సైలెన్సర్ తగిలిస్తే అది తుమ్మ పొదలో తిరగదు, జీపు తలుపులో నుంచి దిగదు. 16 అంగుళాలకు ఏడు కలిపితే మామూలు రైఫిల్ పొడవే. కాకపోతే గొట్టం మరీ పొట్టిదైతే మూతి దగ్గర ఒత్తిడి ఎక్కువై సైలెన్సర్ మీద భారం పడుతుంది, చప్పుడూ పెరుగుతుంది.

ధ్వనిని మించిన వేగంతో పోయే గుండు దారిపొడవునా కొరడా దెబ్బ లాంటి చప్పుడు వదులుతుంది. దాన్ని ఏ సైలెన్సరూ ఆపలేదు. కానీ ఆ చప్పుడు ఏ దిక్కు నుంచి వచ్చిందో జంతువుకు అంతుపట్టదు, కాల్చిన చోటు దొరకదు. గుంపులో ఒకటి పడ్డా మిగతావి ఒక్క క్షణం తికమకపడి ఆగుతాయి. పందుల సంఖ్య తగ్గించే పనిలో ఉన్నవాళ్లకు ఆ క్షణం విలువైనది. దొంగ వేటగాడికి కూడా అంతే విలువైనది. ఫారెస్టు బీటు సిబ్బందికి, ఊరివాళ్లకు పేలుడు చప్పుడే మొదటి సమాచారం. మన చట్టం ఈ పరికరాన్ని తుపాకితో సమానం చేయడంలో న్యాయం ఉందని నా అభిప్రాయం. అనుమతి పత్రంతో ప్రభుత్వం పంపే షూటర్లకు దాన్ని ఇవ్వడం గురించి ఆలోచించవచ్చు.

చప్పుడు పూర్తిగా తగ్గాలంటే గుండు ధ్వని కంటే నెమ్మదిగా పోవాలి. ధ్వని వేగం వేడితో పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, అనంతపురం వేసవి 42 డిగ్రీల్లో 356 మీటర్ల దాకా. శనక్కాయ పీకే అక్టోబరు, నవంబరు రాత్రుల్లో అది మళ్లీ 343 దగ్గరికి దిగుతుంది. కాబట్టి నెమ్మది తూటాను సెకనుకు 320 మీటర్లు మించకుండా చేస్తారు. వేడి ఇంకో చిక్కు తెస్తుంది. ఎండలో జీపు డ్యాష్‌బోర్డు మీద కాగిన తూటాలో మందు వేగంగా మండి ఒత్తిడి పెరుగుతుంది. పాత కార్డైట్ మందు కాలంలో ఇంగ్లండు కంపెనీలు ఉష్ణదేశాలకు మందు తగ్గించి వేరే తూటాలు చేసి పంపడానికి కారణం ఇదే. ఇప్పటి మందులు వేడిని మెరుగ్గా తట్టుకుంటాయి. అయినా తూటాల పెట్టెను నీడలో ఉంచాలి.

ఏ తూటా

.300 బ్లాక్‌అవుట్ తూటా 2011లో అమెరికా ప్రమాణాల్లో చేరింది. తొమ్మిది, పది అంగుళాల గొట్టంలోనే మందు దాదాపుగా మండిపోయేలా చేశారు. పొట్టి సైలెన్సర్ రైఫిల్ అనగానే ముందు దీని పేరే వస్తుంది. 125 గ్రెయిన్ల వేగపు గుండు 16 అంగుళాల గొట్టం నుంచి సెకనుకు 675 మీటర్లతో, 1,850 జౌళ్ల దగ్గర శక్తితో వస్తుంది. వంద మీటర్ల లోపు పందికి సరిపోతుంది. గొట్టం ఇంకా పొట్టిదైతే ఆ హద్దు దాటాక మెత్తముక్కు గుండు విచ్చుకుంటుందన్న నమ్మకం ఉండదు. అదే తూటాలో 220 గ్రెయిన్ల నెమ్మది గుండు శక్తి సుమారు 680 జౌళ్లు మాత్రమే. అంటే .308లో నాలుగో వంతు కూడా లేదు. తక్కువ వేగంలో విచ్చుకునేలా ప్రత్యేకంగా చేసిన గుండు వాడి, చెవి మూలన లేదా మెడ ఎముక మీద కొడితే పంది పడుతుంది. భుజం డాలు మీద తగిలితే గాయపడి పోతుంది. నెమ్మది గుండుతో నూరు కిలోల జంతువును కాల్చడం నైపుణ్యం బాగా ఉన్నవాళ్ల పని. అందరికీ సిఫారసు చేయదగినది కాదు.

ఈ లోటు తీర్చడానికే 8.6 బ్లాక్‌అవుట్ వంటి లావు గుండు తూటాలు ఇటీవల వచ్చాయి. ఇందులో మరచాళ్లు మూడంగుళాలకే ఒక చుట్టు తిరుగుతాయి. 1873 నాటి .45-70 కూడా ఈ వరుసలో మళ్లీ తలెత్తింది. 6.5 క్రీడ్‌మూర్ మంచి తూటాయే, కానీ దాని గొప్పతనమంతా దూరంలో ఉంది. పంది కోసం దాన్ని పొట్టి గొట్టంలో పెట్టుకోవడంలో అర్థం తక్కువ. అన్నీ కలిపి చూస్తే, అనుమతి ఉన్న షూటరుకు ఈ పీఠభూమిలో తగిన కూర్పు .308, 16 నుంచి 18 అంగుళాల గొట్టం, 150 లేదా 165 గ్రెయిన్ల మెత్తముక్కు గుండు. లోహపు తొడుగుతో గట్టిగా ఉండే సైనిక గుండు వేటకు పనికిరాదు. అది సూదిలా దూరి, అవతలికి పోయి, ఇంకెవరికో తగులుతుంది.

లైసెన్సుదారు చేతికి నిజంగా వచ్చేవి వేరు. 12 బోరు జంట గొట్టంలో ఎల్జీ తూటా వేస్తే తొమ్మిది మిల్లీమీటర్ల చొప్పున ఆరు పెద్ద సీసపు రవ్వలు పోతాయి. పాతిక, ముప్ఫై మీటర్ల లోపు అది పందిని పడేస్తుంది. యాభై మీటర్లకు రవ్వలు విడిపోయి ఒకటో రెండో తగులుతాయి. గాయపడ్డ మగపంది తెల్లారేసరికి పొదలో పడుకుని ఉంటుంది. అటువైపు వెళ్లిన రైతు తొడ చీలుతుంది. .315లో దాదాపు 244 గ్రెయిన్ల గుండు సెకనుకు 600 మీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. పాతదైనా, మొరటుదైనా, వంద మీటర్ల లోపు పందికి అది బాగా పనిచేసే తూటా. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లు విదేశీ పత్రికలు ఎక్కువ చదివినవాళ్లే.

రాళ్లు, మంచెలు

ఇంత లెక్క వేశాక కూడా అనంతపురంలో తూటాను నిజంగా నిర్ణయించేది గుండ్రాయి. ఎర్రనేల ఎండి గట్టిపడుతుంది, దాని మీద నల్లరాయి గుండ్లు తేలి ఉంటాయి. తప్పిన గుండు రాయికి తగిలి ఏ వైపుకు ఎగురుతుందో చెప్పలేం. వేగంగా పోయే మెత్తముక్కు గుండు రాతికి తగిలితే చాలావరకు ముక్కలవుతుంది. బరువైన నెమ్మది గుండు విరగకుండా ఎగిరే అవకాశం ఎక్కువ. నిశ్శబ్దం కోసం నెమ్మది తూటా ఎంచుకునేవాళ్లు ఈ మాట మరిచిపోకూడదు. నేరుగా గాలిలోకి పోయిన రైఫిల్ గుండు మూడు నాలుగు కిలోమీటర్లు వెళ్లగలదు. ఆ దూరంలో ఇప్పుడు ఏమున్నాయి? రాత్రి చేను కాపలా ఉన్న మనుషులు, మందతో బయట పడుకున్న గొర్రెల కాపర్లు, రామగిరి గుట్టల మీద గాలిమరలు, నంబులపూలకుంట సోలార్ పలకలు. నున్నటి గొట్టం రవ్వలు కొన్ని వందల మీటర్లలోనే పడిపోతాయి. రైతుకు చట్టం మరచాళ్ల రైఫిల్ కాకుండా నున్నటి గొట్టం చూపడంలో ఈ లెక్క కూడా బాగానే కుదురుతుంది.

దీనికి విరుగుడు ఊళ్లోనే ఉంది. మంచె ఎత్తు నుంచి కింది వైపుకు కాల్చిన గుండు జంతువును దాటినా కొన్ని గజాల్లో దుక్కి నేలలో దిగబడుతుంది. పది, పన్నెండు అడుగుల మంచె, ముందే అడుగులు కొలిచి గుర్తులు పెట్టుకున్న దూరం, వెనక రాయి లేని దున్నిన చాలు ఉంటే తూటా ఏదన్నది దాదాపు రెండో మాట. నేల మీద నిలబడి టార్చి వెలుగులో కళ్లు మెరిసిన చోటుకు కాల్చడమే ప్రమాదాలకు మూలం. మెరిసేవి గొర్రె కళ్లు కూడా కావచ్చు.

రైతులు తుపాకి లేక ఎంచుకునే దారులు దీనికంటే ఘోరమైనవి. చేని చుట్టూ కరెంటు తీగ పెడితే పందితో పాటు తెల్లారి నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషీ పోతాడు. మేతలో పెట్టే నాటు బాంబు పశువు నోట్లో పేలుతుంది. వ్యవసాయ శాస్త్రవేత్తలు శనక్కాయ చుట్టూ ముళ్ల కుసుమ వరుసలు వేయమంటారు. అది పందిని చంపదు, చేనికి దూరంగా మాత్రం ఉంచుతుంది. కాల్చక తప్పనప్పుడు శిక్షణ ఉన్న షూటర్లను పిలిపించే పద్ధతి ఉంది. 2016 జూన్‌లో బీహార్‌లోని మొకామాలో మనుబోతులను కాల్చడానికి హైదరాబాదు నుంచి షూటర్లు వెళ్లారు. 2022లో కేరళ స్థానిక సంస్థల అధ్యక్షులకు అడవి పందుల విషయంలో గౌరవ వన్యప్రాణి వార్డెన్ల అధికారం ఇచ్చింది.

కాల్చిన పంది మాంసం ఎవరిదీ కాదు. చట్టం ప్రకారం కళేబరం ప్రభుత్వ ఆస్తి. దాన్ని పూడ్చాలి, లేదా కాల్చాలి. పైపైన పూడిస్తే నక్కలు, తోడేళ్లు తవ్వుకు తింటాయి. శరీరంలో చితికిపోయిన సీసపు ముక్కలు వాటికీ, రాబందులకూ విషం. ఈ కారణంగానే రాగి గుండ్ల వైపు ప్రపంచమంతా మళ్లుతోంది. రాగి తేలిక కాబట్టి అదే బరువుకు గుండు పొడవవుతుంది, విచ్చుకోవడానికి వేగం కాస్త ఎక్కువ కావాలి. పొట్టి గొట్టంలో రాగి గుండు వాడేవాళ్లు బరువు ఒక మెట్టు తగ్గించుకుంటారు.

బయటి దేశాలు, తెలుగువాళ్లు

నార్వే, న్యూజిలాండ్‌లలో సైలెన్సర్ వేటగాడి మామూలు సామాను. జర్మనీ 2020లో వేటగాళ్లకు నిబంధనలు సడలించింది. అమెరికాలో 1934 జాతీయ తుపాకుల చట్టం ప్రకారం 16 అంగుళాల కంటే పొట్టి గొట్టపు రైఫిల్, సైలెన్సర్ రెండూ ప్రభుత్వ రిజిస్ట్రేషన్ కావాల్సినవి. ఒక్కోదానికి 200 డాలర్ల పన్ను ఉండేది. 2026 జనవరి 1 నుంచి ఆ పన్ను సున్నా అయింది, రిజిస్ట్రేషన్ మాత్రం పోలేదు. సరిగ్గా 16 అంగుళాల గొట్టం అక్కడ అంత ప్రసిద్ధి కావడానికి ఈ చట్టపు గీతే కారణం. బాలిస్టిక్స్ శాస్త్రంలో ఆ అంకెకు ప్రత్యేకత ఏమీ లేదు.

తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న టెక్సస్‌లో ఊరపంది అడవిలో కలిసిపోయి లక్షల్లో పెరిగింది. 2019 సెప్టెంబరు 1 నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో పందిని కాల్చడానికి అక్కడ వేట లైసెన్సు అక్కర్లేదు. డాలస్, హ్యూస్టన్‌ల నుంచి వారాంతానికి పశువుల క్షేత్రాలకు వెళ్లేవాళ్లు ఇక్కడే పొరపడతారు. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాలో ఉన్నవారు తుపాకి పట్టుకోవడాన్నే అమెరికా సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. మినహాయింపుల్లో ఒకటి, అక్కడి ప్రభుత్వం జారీ చేసిన వేట లైసెన్సు దగ్గర ఉండడం. పందికి లైసెన్సు వద్దని రాష్ట్రం చెప్పినా, వీసాదారుకు తుపాకి ముట్టడానికి ఆ లైసెన్సే ఆధారం. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ చిక్కు లేదు. అక్కడ చట్టబద్ధంగా కొన్న సైలెన్సర్‌ను సెలవులకు వచ్చేటప్పుడు సామానులో వేసుకుంటే మాత్రం శంషాబాదులోనో బెంగళూరులోనో దిగిన క్షణం నుంచి అది 1959 చట్టం కింద లైసెన్సు లేని తుపాకి.